కృష్ణాపురం ఉల్లి ఎగుమతులు

కృష్ణాపురం ఉల్లి కడప జిల్లాలో పండించే ఒక చిన్న ఉల్లి రకము. వాడుకలో దీనిని కె.పి. ఉల్లి అంటారు. రాయలసీమలో ఉల్లిని ఎర్రగడ్డ అని కూడా పిలుస్తారు. గడ్డ చిన్నదిగానూ, ఘాటు ఎక్కువగానూ ఉండుట వలన దీనికి స్వదేశంలో గిరాకీ చాలా తక్కువ. పంట ప్రధానంగా శ్రీలంక, మలేషియా, సింగపూరు, థాయిలాండ్, హాంకాంగ్‌లకు ఎగుమతి అవుతుంది. కావున పొరుగు దేశాలతో భారతదేశ వాణిజ్య విధానం మారినప్పుడల్లా కడప రైతుపై దాని ప్రభావం పడుతుంది.

విధానం

ఉల్లి ఎగుమతులను 1992 నాటి విదేశీ వాణిజ్య చట్టం క్రింద కేంద్ర ప్రభుత్వం నియంత్రిస్తుంది. స్వదేశంలో ధరలు పెరిగినపుడు నిషేధం, కనీస ఎగుమతి ధర, ఎగుమతి సుంకం అనే మూడు సాధనాలను వాడుతుంది.

నిషేధాలు, మినహాయింపులు

2019 సెప్టెంబరు 29న అన్ని రకాల ఉల్లి ఎగుమతిని నిషేధించారు. కర్ణాటకలో పండే బెంగుళూరు రోజ్ ఉల్లికి అదే సంవత్సరం అక్టోబరులో 9,000 టన్నుల మేరకు మినహాయింపు లభించింది. కృష్ణాపురం ఉల్లికి మాత్రం 2020 ఫిబ్రవరిలో గానీ అనుమతి రాలేదు. చెన్నై రేవు ద్వారా మాత్రమే, మార్చి 31 లోగా, 10,000 టన్నుల వరకు పంపవచ్చునని నిర్ణయించారు. 2020 సెప్టెంబరులో మరల నిషేధం విధించగా, అక్టోబరులో ఈ రెండు రకాలకూ చెరి 10,000 టన్నుల అనుమతి ఇచ్చారు. 2021 జనవరి 1 నుండి నిషేధం తొలగింది.

పొరుగు దేశాలు

2019 నిషేధం వలన బంగ్లాదేశ్‌లో ఉల్లి ధర విపరీతంగా పెరిగింది. ముందుగా తెలిపి ఉంటే బాగుండేదని ఆ దేశపు అప్పటి ప్రధాని షేక్ హసీనా అక్టోబరులో ఢిల్లీలో అన్నారు. బంగ్లాదేశ్ ఈజిప్టు, టర్కీ, పాకిస్తాన్‌ల నుండి విమానాలలో ఉల్లిని తెప్పించుకున్నది. 2023 డిసెంబరులో విధించిన నిషేధం అమలులో ఉండగానే బంగ్లాదేశ్, శ్రీలంక, భూటాన్ మొదలగు ఆరు దేశాలకు మొత్తం 99,150 టన్నులు పంపుటకు అనుమతించినట్లు 2024 ఏప్రిల్‌లో ప్రభుత్వం తెలిపింది. ఆ నిషేధం 2024 మే 4న తొలగింది. ఎగుమతి సుంకం 2025 ఏప్రిల్ 1 నుండి రద్దయినది.

ప్రభావం

స్వదేశంలో అంతగా తినని రకాన్ని ఆపినంత మాత్రాన ఇక్కడి ధర తగ్గదు. ఉల్లి ఎక్కువ కాలం నిలువ ఉండదు గనుక, ఆలస్యంగా వచ్చిన అనుమతి పంట నష్టాన్ని పూడ్చలేదు. కొనుగోలు చేసే దేశాలు ఈలోగా వేరొక చోటు వెదకుకుంటాయి. కావున రకాలను బట్టి నియమాలు వేరుగా ఉండుట రైతుకూ, పొరుగు దేశానికీ మేలు.