నుమాయిష్‌లో దిగిన బొమ్మ

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములందు కొన్ని యిండ్ల గోడలపై దేవుని పటముల ప్రక్కన నొక పాత కుటుంబచిత్రము కానవచ్చును. ముందు కొత్తబట్టలు గట్టిన పిల్లలు, వెనుక రంగులరాట్నము. జనవరిలో బస్సెక్కి హైదరాబాదు నుమాయిష్‌కు పోయిననాటి గుర్తు అది.

1938లో ఉస్మానియా పట్టభద్రులు పబ్లిక్ గార్డెన్స్‌లో ప్రారంభించిన యీ ప్రదర్శన 1946లో నాంపల్లి మైదానమునకు మాఱినది. పేరునకు పారిశ్రామిక ప్రదర్శనమే. పిల్లలకు మాత్రము రాట్నము, చిన్న రైలు, మృత్యుకూపములో దిరుగు మోటారుసైకిలు!

ఆ చిత్రములలో నవ్వు మొగములు తక్కువ. బరోడాలో తయారైన అగ్ఫా క్లిక్-3లో రీలుకు 12 బొమ్మలే. "కదలవద్దు" అన్నంతనే అల్లరిపిల్లలును శిలలైరి.

కొన్నింటిలో తండ్రి కనబడడు. కెమెరా పట్టినది ఆయనయే కాబోలునని మొదట ననుకొంటిని. కాని సిరిసిల్ల నేతపనివారు భీవండికిని, 1970ల నుండి ఈ ప్రాంతపు కూలీలు గల్ఫ్ దేశములకును వలసపోయిన సంగతి తలచిన వేఱొకటి తోచును: ఆయన చూచుటకే ఆ బొమ్మ తీయించిరేమో!

నలుపు తెలుపు చిత్రములలోని వెండి నేటికిని నిలిచియుండగా, 1970, 80లనాటి రంగుల చిత్రములు నీలివర్ణము క్షీణించి యెఱ్ఱబడుచున్నవి. అంతకంటె వేగముగా మాయమగుచున్నవి పేర్లు. వెనుకకు ద్రిప్పి చూడుడు, ఏమియు నుండదు.

బడిపిల్లలు నాయనమ్మ నడిగి, ఎడమనుండి వరుసగా పేర్లు, ఏడు, మెత్తని పెన్సిలుతో వెనుక అంచున వ్రాయవచ్చును; గట్టిగా నొత్తిన బాల్‌పెన్ను గీత ముందువైపునకు ఉబుకును. ఆనాడామె కట్టిన చీర ఏ రంగో ఆమెకే తెలియును. అదియు నడుగుడు.