మీకు తెలుసా? నో క్లెయిమ్ బోనస్ యజమానిదే

ఏడాదంతా క్లెయిమ్ చేయకపోతే బీమాలో దక్కే నో క్లెయిమ్ బోనస్ బండికి కాదు, దాని యజమానికి చెందుతుంది. మొదటి ఏడాదికి 20 శాతం. తర్వాత 25, 35, 45 అవుతూ వరుసగా ఐదేళ్లకు 50 శాతానికి చేరుతుంది. చిన్న గీతకు క్లెయిమ్ చేసినా మామూలుగా మళ్లీ సున్నానే. ఈ తగ్గింపు సొంత బండి నష్టానికి కట్టే ప్రీమియంలోనే. థర్డ్ పార్టీ భాగంలో పైసా తగ్గదు.

పాత కారు అమ్మేటప్పుడు చాలామంది ఈ హక్కును ఊరికే వదిలేసుకుంటారు, బాధేస్తుంది. అడిగితే బీమా కంపెనీ ధ్రువపత్రం ఇస్తుంది. మూడేళ్లలోపు మరో కారు కొంటే, కంపెనీ మారినా సరే, అది చెల్లుతుంది. పాలసీ గడువు ముగిసి 90 రోజులు దాటినా రెన్యూ చేయకపోతే మాత్రం బోనస్ పోయినట్టే.

సెకండ్ హ్యాండ్ కారు కొన్నారా? 1988 మోటారు వాహనాల చట్టం 157వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ బీమా దానంతటదే మీకు బదిలీ అవుతుంది. ఆర్‌సీతో పాటు పాలసీనీ మీ పేరుకు మార్చమని 14 రోజుల్లోగా దరఖాస్తు పెట్టండి. లేకపోతే సొట్టపడిన తలుపు బాగుచేయించే ఖర్చు మీ జేబులోంచే పోవచ్చు.