నిరుటి గడ్డివిత్తనం మొలుస్తుందా?

పాడిపశువు ఉన్న ఇంట్లో అటకమీద పాత గడ్డివిత్తనాల మూట ఒకటి ఉండనే ఉంటుంది. తొలకరి పడగానే సందేహం వస్తుంది: ఇవి చల్లాలా, పారవేయాలా? చల్లినవి మొలవకపోతే పోయేది గింజలు మాత్రమే కాదు. దుక్కీ, కూలీ, అదనూ పోతాయి.

విత్తనం ప్రాణమున్న వస్తువు. నిద్రపోతున్నట్టు కనిపించినా లోపల సన్నగా శ్వాసిస్తూనే ఉంటుంది. చెమ్మా, వేడీ పెరిగినకొద్దీ దాని ఆయువు తరుగుతుంది. గింజలోని తేమ నూటికి ఒక పాలు తగ్గితే ఆయువు సుమారు రెట్టింపవుతుందని శాస్త్రజ్ఞుల లెక్క. అందుచేత వంటింటి ఆవిరి తగిలే అటకకన్న, చల్లనిచోట మూత బిగించిన డబ్బా మేలు.

1879లో అమెరికాలోని మిచిగన్‌లో విలియం జేమ్స్ బీల్ అనే ఆచార్యుడు కలుపుమొక్కల విత్తనాలను ఇసుకతో కలిపి, 20 సీసాలలో నింపి, భూమిలో పాతిపెట్టాడు. 2021లో ఒక సీసా తీసి చల్లి చూడగా కొన్ని మొలిచాయి! అయితే చాలా రకాలు ఏనాడో చచ్చిపోయాయి. అన్ని విత్తనాల ఆయువూ ఒకటి కాదన్నమాట.

అంజన్ గడ్డిది మరొక చిత్రం. కోసిన వెంటనే చల్లితే సరిగా మొలవదు. కొన్ని నెలలు నిలవ ఉంటేనే నయం. కనుక పాతదనగానే చెడ్డదని తీర్మానించరాదు.

చల్లేముందు 100 గింజలు లెక్కపెట్టి, తడిగుడ్డలో చుట్టి, గుడ్డ ఆరకుండా నీడలో ఉంచండి. రెండు వారాలకు మొలకలు లెక్కించండి. తక్కువైతే ఆ మేరకు విత్తనం ఎక్కువ చల్లండి. పదైనా మొలవకపోతే కొత్త విత్తనం తెచ్చుకోవడమే మంచిది. మందు పట్టించిన గింజలైతే, మిగిలినవి పశువుకు మాత్రం పెట్టకండి.