పాత ట్యాబ్లెట్‌కు కొత్త ఊపిరి

తయారీదారు నవీకరణలు నిలిపివేసినంత మాత్రాన మన ఇంటి ట్యాబ్లెట్‌కు ఆయుష్షు తీరినట్లు కాదు. ఆండ్రాయిడ్ సోర్స్‌కోడ్ బహిరంగంగా లభిస్తున్నందున, స్వచ్ఛంద నిపుణులు పాత పరికరాలకు సొంతంగా ఫర్మ్‌వేర్ రూపొందిస్తున్నారు. 2016లో సయనోజెన్‌మోడ్ మూతపడగా, ఆ కృషిని లీనియేజ్ ఓఎస్ కొనసాగిస్తున్నది.

ఎంపికలో మనం మొదట చూడవలసినది వెర్షన్ సంఖ్య కాదు, పరికరపు సంకేతనామం. నెక్సస్ 7 అన్న ఒకే పేరుతో 2012లోను, 2013లోను రెండు ట్యాబ్లెట్లు వెలువడినవి. వైఫై నమూనాలలో మొదటిది ఎన్విడియా టెగ్రా 3 చిప్ గల ‘గ్రూపర్’. రెండవది క్వాల్‌కామ్ చిప్ గల ‘ఫ్లో’. ఒకదాని ఫర్మ్‌వేర్ మరొకదానికి పనికిరాదు; బలవంతంగా ఎక్కిస్తే పరికరం అసలు తెరుచుకోకపోవచ్చు.

పిదప చూడవలసినవి భద్రతా సవరణలు, కెమెరా, వైఫైల పనితీరు. ఎవరూ పట్టించుకోని కొత్త వెర్షన్ కన్న, క్రమం తప్పక సవరణలు అందే పాత వెర్షనే మేలు.

నెక్సస్ వంటి వాటిలో బూట్‌లోడర్ తాళం తీయగానే లోపలి సమాచారమంతా చెరిగిపోతుంది. కనుక పిల్లల ఫొటోలు, పెద్దల పత్రాలు ముందే వేరొకచోట భద్రపరచాలి. ఆ తరువాత కొన్ని బ్యాంకు యాప్‌లు మొరాయించవచ్చు.

విడిభాగం మార్చే ముందు యంత్రపు నేమ్‌ప్లేట్ చదవడం మన కర్మాగారపు అలవాటు. ఇంటి ట్యాబ్లెట్‌కూ అదే నియమం వర్తిస్తుంది.