కళ్లు లేవు, చెవులు లేవు... అయినా కబురు అందుతుంది!



నులిపురుగులు అనగానే మనకు గుర్తొచ్చేది ఫిబ్రవరి 10న స్కూల్లో పిల్లలకు ఇచ్చే ఆల్బెండజోల్ టాబ్లెట్. కడుపులో చేరి పిల్లల ఒంట్లోని సత్తువ లాగేసే పురుగులు కాబట్టి వాటి మీద మనకు కోపం ఉండటం సహజమే. కానీ అదే వర్గంలో రైతుకు మేలు చేసేవీ ఉన్నాయి. అవి మనుషుల జోలికి రావు. మట్టిలో ఉండి, పంటను తినే కీటకాలను చంపుతాయి. ఈ నెల సైన్స్ పేజీలో అవి ఒకదానితో ఒకటి ఎలా 'మాట్లాడుకుంటాయో' చూద్దాం.

తిండి ఉన్నంతవరకే ఆ ఇల్లు

వీటిలో ముఖ్యమైనవి స్టైనర్‌నీమా, హెటెరోరాబ్డైటిస్. మట్టిలో తిరిగే పిల్ల పురుగులు చాలావరకు ఒక మిల్లీమీటరు పొడవు కూడా ఉండవు. ఆ దశలో అవి ఏమీ తినవు. ఒంట్లో దాచుకున్న కొవ్వుతోనే నెట్టుకొస్తూ కీటకం కోసం వెతుకుతాయి. దొరకగానే దాని నోటి ద్వారానో, శ్వాసరంధ్రాల ద్వారానో లోపలికి దూరి, తమ పేగులో మోసుకొచ్చిన బ్యాక్టీరియాను వదులుతాయి. సాధారణంగా రెండు రోజుల్లో కీటకం చనిపోతుంది. ఆ శరీరాన్నే తింటూ నులిపురుగులు రెండు మూడు తరాలు పెరుగుతాయి. ఒక్క పెద్ద కీటకం నుంచి లక్షకు పైగా పిల్లలు బయటికి రావచ్చు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. తిండి అయిపోయాక కూడా అక్కడే ఉంటే అన్నీ చస్తాయి. తొందరపడి ముందే బయటికొస్తే ఎదగడానికి కావలసిన తిండి దొరకదు. మరి బయల్దేరే సమయం ఎవరు చెబుతారు?

బెల్ కొట్టే రసాయనం

నులిపురుగులు ఆస్కరోసైడ్లు అనే రసాయనాలను విడుదల చేస్తాయి. చక్కెర అణువుకు కొవ్వు ఆమ్లాన్ని తోకలా తగిలిస్తే ఎలా ఉంటుందో, వీటి నిర్మాణం అలా ఉంటుంది. గుంపు పెరిగేకొద్దీ ఇవి పేరుకుంటాయి. కొన్ని రకాలు తగిన పాళ్లలో కలిసినప్పుడు 'ఇక బయల్దేరండి' అనే కబురు అవుతుంది. ఉప్పు, పులుపు, కారం పాళ్లు మారితే కూర రుచి మారినట్టే, ఈ మిశ్రమం మారితే కబురు కూడా మారుతుంది.

2012లో ఫాత్మా కప్లాన్ బృందం దీన్ని ప్రయోగం చేసి చూపింది. సీ ఎలిగాన్స్ అనే నులిపురుగు వదిలిన నాలుగు ఆస్కరోసైడ్లను ల్యాబ్‌లో కలిపి వాడితే, ఎదురుగా తిండి ఉన్నా దాని పిల్ల పురుగులు చెల్లాచెదురయ్యాయి. ఆశ్చర్యం ఏమిటంటే, వేరే జాతి అయిన స్టైనర్‌నీమా కూడా అదే మిశ్రమానికి కదిలింది. అంటే ఈ 'భాష' చాలా పాతది, చాలా జాతులకు తెలిసినది.

మొక్క కూడా కేక వేస్తుంది

2005లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన ఇంకో సంగతి చెప్పింది. మొక్కజొన్న వేళ్లను పురుగు కొరికితే, ఆ వేళ్లు కారియోఫిలీన్ అనే వాసన వదులుతాయి. ఆ వాసన పట్టుకుని నులిపురుగులు వచ్చి ఆ పురుగును చంపుతాయి. మన పోపుల డబ్బాలోని మిరియాల్లో, లవంగాల్లో ఉండేదీ ఈ పదార్థమే! అయితే ఉత్తర అమెరికా మొక్కజొన్న రకాల్లో చాలావాటికి ఈ కేక వేసే శక్తి లేదు. పిజ్జా మీద చల్లే ఒరెగానో మొక్క జన్యువును అలాంటి ఒక రకంలో పెట్టి చూశారు. వేళ్లకు నష్టం తగ్గిందని 2009లో తేలింది.

మనకెందుకు ఇదంతా?

వేరుశనగ, చెరకు పంటలను దెబ్బతీసే వేరుపురుగు మట్టి లోపల ఉంటుంది. పైన కొట్టిన మందు దాని దాకా చేరడం కష్టం. నులిపురుగైతే తానే వెతుక్కుంటూ వెళ్తుంది. మన వాతావరణానికి అలవాటు పడిన హెటెరోరాబ్డైటిస్ ఇండికా అనే జాతిని కోయంబత్తూరు ప్రాంతంలో కనుగొని, 1992లో ప్రపంచానికి పరిచయం చేశారు. బెంగళూరులోని జాతీయ సంస్థ ఎన్‌బీఏఐఆర్ దీన్ని రైతులు వాడుకునేలా పొడి రూపంలో తయారుచేసింది. ఇవి ఎండకు, పొడి నేలకు తట్టుకోలేవు. అందుకే సాయంత్రం పూట, తడి ఉన్న మట్టిలో వేస్తారు. చల్లే ముందు ఆస్కరోసైడ్లున్న సారాన్ని తగిలిస్తే ఇవి ఇంకా చురుగ్గా పనిచేస్తాయని ప్రయోగాల్లో తేలింది. పురుగుమందు తగ్గితే లాభం రైతుకే కాదు, మన పిల్లల కంచానికి కూడా.

ఇంట్లో చేసి చూడండి

పిల్లల కళ్లకు గంతలు కట్టి మిరియాలు, లవంగాలు, కరివేపాకు విడివిడిగా వాసన చూపించండి. తర్వాత రెండేసి కలిపి అడగండి. ముక్కు ఎంత సమాచారం ఇస్తుందో వాళ్లకే తెలుస్తుంది. పెద్ద క్లాసుల పుస్తకంలో 'ఆస్కెల్మింథిస్' అనే పదం వచ్చినప్పుడు అది వాళ్లకు బట్టీ పట్టే మాటగా మిగలదు.

ఒక్క మనవి. మేలు చేసే నులిపురుగులు ఉన్నాయని టాబ్లెట్ మాత్రం మాన్పించకండి! పిల్లలు మట్టిలో చెయ్యి పెడితే 'ఛీ' అనకండి. ఏం కనిపించిందో అడగండి, ఆ తర్వాత సబ్బుతో చేతులు కడిగించండి.

– మీ సైన్స్ టీచర్