వెంటిలేటర్ పెట్టారంటే భయపడాలా?

"సిస్టరుగారూ, వెంటిలేటర్ పెట్టారంటే ఇక ఆశ లేనట్టేనా?" అవనిగడ్డ నుంచి వచ్చినా, కైకలూరు నుంచి వచ్చినా తల్లులు మొదట అడిగేది ఇదే. ఆ భయంతో బిడ్డను ఇంటికి తీసుకుపోతామనేవారూ ఉన్నారు. అందుకే ఈ నాలుగు మాటలు.

వెంటిలేటర్ జబ్బును నయం చేయదు. నిమోనియాకు మందులు పనిచేసేవరకు, గుండె ఆపరేషన్ తరువాత బిడ్డ తేరుకునేవరకు ఊపిరి తీసే కష్టాన్ని అది మోస్తుంది.

గాలి ఎక్కువ ఇస్తే త్వరగా తగ్గుతుందనుకోకండి. లేత ఊపిరితిత్తులు ఒత్తిడికి దెబ్బతింటాయి. అమెరికాలో పెద్దవారిపై జరిపి 2000లో ప్రచురించిన అధ్యయనంలో, కిలో బరువుకు 12 మి.లీ. బదులు 6 మి.లీ. చొప్పున గాలి ఇస్తే మరణాలు తగ్గాయి. పిల్లల విషయంలోనూ డాక్టర్లు ఈ జాగ్రత్తే పాటిస్తారు. పది కిలోల బిడ్డకు ఒక్కో శ్వాసకు 60–80 మి.లీ., అంటే చిన్న టీ గ్లాసెడు గాలి చాలు.

ఆక్సిజన్‌కు కూడా మందులాగే మోతాదు ఉంది. గుండెలో పెద్ద రంధ్రమున్న పసిబిడ్డకు అది ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి రక్తం మరీ ఎక్కువగా చేరుతుంది. మంచి రక్తం, చెడు రక్తం కలిసిపోయే కొన్ని గుండె జబ్బుల్లో మానిటర్ మీద 75–85 శాతం ఉంటే సరిపోతుంది. ఆ అంకె చూసి కంగారుపడకండి. మీ బిడ్డకు ఎంత ఉండాలో డాక్టరుగారిని అడిగి తెలుసుకోండి.

తలవైపు ఎత్తుగా ఉంచడం, నోరు శుభ్రం చేయడం, అవసరమైనప్పుడే కఫం తీయడం, ట్యూబు జారకుండా చూడడం మా నర్సుల పని. ట్యూబు ఉన్నన్నాళ్ళూ ఇన్‌ఫెక్షన్ భయం ఉంటుంది. అందుకే "ఈ రోజు బిడ్డ తనంతట తాను ఊపిరి తీయగలడా?" అని ప్రతిరోజూ పరీక్షించి చూడాలి.

ట్యూబు ఉండగా బిడ్డ ఏడ్చినా గొంతు బయటికి రాదు. మీ గొంతు మాత్రం బిడ్డకు వినిపించవచ్చు. చేతులు సబ్బుతో కడుక్కుని, వేలు పట్టుకుని, పేరు పెట్టి పిలవండి.

చివరిగా ఒక్క మాట. ఏడాదిలోపు బిడ్డ నిమిషానికి 50 సార్లు, రెండు నెలలు నిండని పసికందైతే 60 సార్లు, ఏడాది దాటి అయిదేళ్ళలోపు పిల్లలు 40 సార్లు, లేదా అంతకు మించి ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా తెల్లవారేదాకా ఆగకండి. 108కి ఫోన్ చేయండి. వేళకు వచ్చిన బిడ్డకు చాలాసార్లు వెంటిలేటర్ అవసరమే రాదు.