వాహనాల అద్దాలకు సన్ ఫిల్ము

సన్ ఫిల్ము అనగా మోటారు వాహనాల కిటికీ అద్దాలకు లోపలి వైపున అంటించే పలుచని పాలియెస్టరు పొర. ఎండ వేడిమిని, కళ్ళు చెదిరే వెలుగును తగ్గించుటకు దీనిని వాడతారు. కృష్ణా జిల్లాలో దీనిని కూలింగ్ పేపరు, కూలింగ్ ఫిల్ము, బ్లాక్ ఫిల్ము అనే పేర్లతో కూడా పిలుస్తారు. నిజానికి ఇది కాగితము కాదు. అన్ని రకాలూ నల్లగా ఉండవు. నేటి కార్లలో చాలావాటికి అద్దమే కర్మాగారంలో లేత రంగుతో తయారై వస్తుంది. ఆ రంగు అద్దంపై తరువాత మరొక పొర అంటించినప్పుడు రెండూ కలిసి ఎంత వెలుతురును లోపలికి రానిస్తాయి, చూపునకు రెండు రంగులూ ఒకటిగా కనిపిస్తాయా, చట్టం దీనిని అనుమతిస్తుందా అనేవి వేర్వేరు ప్రశ్నలు. కొనుగోలుదారులు సాధారణంగా రెండవ ప్రశ్న ఒక్కటే అడుగుతారు.

అద్దంలోని రంగు, పొరలోని రంగు

కర్మాగారంలో వచ్చే రంగు అద్దం పైపూత కాదు. గాజు కరిగిన స్థితిలో ఉన్నప్పుడే అందులో ఇనుము, కోబాల్టు, సెలీనియం వంటి వాటిని స్వల్పంగా కలుపుతారు. ఇనుము వలన ఆకుపచ్చ ఛాయ వస్తుంది. మచిలీపట్నం, గుడివాడ రోడ్లపై తిరిగే కార్ల ప్రక్క అద్దాలను అంచు వైపు నుండి చూసినచో ఈ ఆకుపచ్చ స్పష్టంగా కనిపిస్తుంది. రంగు గాజులోనే ఉన్నందున అది గీసుకుపోదు, వెలిసిపోదు. ఇనుము కలిసిన గాజు పరారుణ కిరణాలను కొంత పీల్చుకుంటుంది కూడా.

ఫిల్ము విషయం వేరు. అమెరికాకు చెందిన 3ఎం సంస్థకు 1966లో ఇటువంటి పొరపై పేటెంటు లభించింది. భారతదేశంలో మహారాష్ట్రలోని ఔరంగాబాదు (2023 నుండి ఛత్రపతి శంభాజీనగర్) కేంద్రంగా గర్వారే సంస్థ వీటిని తయారు చేస్తున్నది. రంగు అద్దిన పొరలు, లోహపు పూత పూసినవి, కర్బనపు పొరలు, సిరామిక్ పొరలు అని రకాలు కలవు. రంగు అద్దినవి చవక. అయితే కొన్నేళ్ళ ఎండకు వెలిసి ఊదా రంగుకు తిరుగుతాయి. లోహపు పూత గలవి వేడిని బాగా తిప్పికొడతాయి గాని రేడియో తరంగాలను కూడా అడ్డుకుంటాయి. టోలుగేటు వద్ద పనిచేయవలసిన ఫాస్టాగ్‌ను ముందు అద్దానికి అంటిస్తారు కనుక ఆ అద్దంపై లోహపు పొర ఉంటే ఇబ్బంది కలుగవచ్చు.

నలుపు ఎంత ఎక్కువైతే చల్లదనం అంత ఎక్కువ అనే నమ్మకం బలంగా ఉన్నది. ఇది సరి కాదు. సూర్యుని నుండి భూమిని చేరే శక్తిలో సుమారు సగం కంటికి కనిపించని పరారుణ కిరణాలదే. నల్లని చవక పొర కంటికి కనిపించే వెలుగును ఆపి, పరారుణంలో చాలా భాగాన్ని వదలివేయగలదు. మంచి సిరామిక్ పొర చూపునకు దాదాపు తెల్లగా ఉండి కూడా పరారుణాన్ని ఆపగలదు. రోహిణి కార్తె ఎండలో బందరు నుండి విజయవాడకు ప్రయాణించే కుటుంబానికి కావలసినది రెండవది. అడిగి తెచ్చుకునేది మాత్రం తరచుగా మొదటిదే.

శాతాల లెక్క

అద్దం గుండా వచ్చే కనిపించే వెలుతురు శాతాన్ని దృశ్యకాంతి ప్రసరణ శాతం అంటారు. వ్యాపారులు దీనిని వి.ఎల్.టి. అంటారు. 100 భాగాల వెలుతురు పడితే 70 భాగాలు లోపలికి వచ్చినచో దానిని 70 శాతం అద్దం అని చెప్పాలి. అంకె తగ్గేకొద్దీ నలుపు పెరుగుతుంది. ఫిల్ము పెట్టెపై ఉండే అంకె ఆ పొర ఒక్కదానికే సంబంధించినది. కారులో దానికి ముందే ఒక రంగు అద్దం ఉన్నది.

రెండు పొరలు ఒకదాని వెనుక ఒకటి ఉన్నప్పుడు శాతాలను కూడరాదు, తీసివేయరాదు, గుణించాలి. ఉదాహరణకు ప్రక్క అద్దం 75 శాతం వెలుతురును రానిస్తుంది అనుకుందాము. దానిపై 70 శాతం ఫిల్ము అంటిస్తే 0.75ను 0.70తో గుణించగా 0.525, అనగా 52.5 శాతం వస్తుంది. 50 శాతం ఫిల్ము అంటిస్తే 37.5 శాతమే మిగులుతుంది. "చట్టం 50 అన్నది, నేను 50 ఫిల్మే వేయించాను" అనే వాదన ఇక్కడే దెబ్బతింటుంది. ఆ 50 పొర యొక్క అంకె. చట్టం అడిగేది పొరా అద్దమూ కలిసిన తరువాత మిగిలే అంకె. పూర్తిగా రంగులేని గాజు కూడా ఉపరితలాల వద్ద కొంత వెలుగును తిప్పికొడుతుంది కనుక 100 శాతం అద్దం అనేది లేదు.

ఎంత ఫిల్ము కావాలో తెలియాలంటే కావలసిన శాతాన్ని అద్దపు శాతంతో భాగించాలి. 75 శాతం అద్దంపై 50 నిలవాలంటే 50ని 75తో భాగించగా సుమారు 67 వస్తుంది. అంతకంటే తక్కువ అంకె గల పొర వాడరాదు. ముందు అద్దానికి ఈ వెసులుబాటు ఇంకా స్వల్పం. అది 78 శాతం అయితే 90 శాతం పొరతో 70.2 వస్తుంది, 85 శాతం పొరతో 66.3కు పడిపోతుంది. ఈ గుణకారం ఉజ్జాయింపు మాత్రమే. పొర గాజుకు అతుక్కున్న చోట ఒక ఉపరితలపు ప్రతిఫలనం తగ్గుతుంది కాబట్టి అసలు కొలత లెక్క కంటే కొద్దిగా ఎక్కువ రావచ్చు. అందువలన కాంతిమాపక యంత్రంతో ముందు ఒట్టి అద్దాన్ని, తరువాత పొరతో కూడిన అద్దాన్ని కొలవడమే సరైన పద్ధతి. అద్దం మూలన చెక్కిన ముద్రలో తయారీదారు పేరు, ప్రమాణపు గుర్తు ఉంటాయి. చాలావాటిపై శాతం ఉండదు.

రంగు కలపడం

శాతం కుదిరినంత మాత్రాన రంగు కుదరదు. ఆకుపచ్చ అద్దంపై బొగ్గు రంగు పొర వేస్తే ఆకుపచ్చ కలిసిన బూడిద రంగు వస్తుంది. గోధుమ రంగు పొర వేస్తే బురద ఛాయ వస్తుంది. దుకాణంలో ట్యూబులైటు క్రింద ఒకటిగా కనిపించిన రెండు అద్దాలు బయట ఎండలో వేరుగా కనిపించవచ్చు. చీర కొనేవారు రంగు చూచుటకు దానిని వాకిలిలోకి తెచ్చినట్లే, ఫిల్ము ముక్కను కూడా ఆ కారు అద్దం మీదనే పెట్టి పగటి వెలుగులో చూడాలి. సీట్లు నల్లగా ఉన్న కారులో అదే అద్దం మరింత నల్లగా తోస్తుంది. కనుక ప్రక్కింటి కారును చూసి అదే పొర కావాలనుట ప్రమాణం కాదు.

గాలివానలో కొమ్మ విరిగిపడి ఒక తలుపు అద్దం పగిలినప్పుడు కూడా ఇదే చిక్కు వస్తుంది. వేరే తయారీదారు అద్దం వేయిస్తే మిగిలిన మూడింటితో ఛాయ కలవదు. అటువంటప్పుడు కొత్త అద్దంపై పొర అంటించి సరిచేయడం కంటే, పాత అద్దంపై ఉన్న ముద్రను చూపి అదే తయారీ అద్దం తెప్పించుకొనుట మేలు.

వెనుక అద్దంలో మంచు తొలగించుటకు సన్నని వేడి తీగలు ఉంటాయి. పాత ఫిల్మును బ్లేడుతో గీకితే అవి తెగుతాయి. ఆవిరి పట్టి మెల్లగా లాగాలి. కొత్త పొరను సబ్బునీటితో పరచి, రబ్బరు పలకతో నీటిని నెట్టి, వేడిగాలితో వంపునకు సరిచేస్తారు. తీరప్రాంతపు తేమలో, ముఖ్యంగా వర్షాకాలంలో, లోపలి తడి ఆరుటకు ఎక్కువ రోజులు పడుతుంది. అంతవరకు అద్దాలు దించరాదు.

అమెరికాలోని తెలుగువారి అనుభవం

అద్దాల రంగు కలపడం అనే మాట అమెరికాలోని తెలుగు కుటుంబాలలో మరింతగా వినబడుతుంది. అక్కడి కేంద్ర ప్రమాణం ప్రకారం సాధారణ కార్లకు అన్ని కిటికీలలోను 70 శాతం వెలుతురు ఉండాలి; మినీవ్యానులు, ఎస్.యు.వి.లలో డ్రైవరు వెనుక భాగానికి ఈ నియమం లేదు. అందుచేత అవి కర్మాగారం నుండే వెనుక నల్లని అద్దాలతో, ముందు తలుపులకు లేత అద్దాలతో వస్తాయి. ముందువి కూడా వెనుకవాటిలా ఉండాలని యజమానులు కోరుకుంటారు.

వెనుక అద్దం 20 శాతం, ముందు తలుపు అద్దం 75 శాతం అయితే కలవడానికి సుమారు 27 శాతం పొర కావాలి. కాని టెక్సస్ రాష్ట్రంలో ముందు ప్రక్క అద్దం 25 శాతానికి మించి వెలుతురును రానివ్వాలి. 35 శాతం పొరతో 26.25 వస్తుంది, చట్టం ఒప్పుతుంది, రంగు పూర్తిగా కలవదు. కాలిఫోర్నియాలో ముందు తలుపులకు 70 శాతం ఉండాలి కనుక ఈ కోరిక అసలు తీరదు. తెలియక వెనుక నల్లని అద్దంపై కూడా 20 శాతం పొర వేయించినవారికి 4 శాతమే మిగులుతుంది.

భారతదేశంలో చట్టం

కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లోని 100వ నియమం ప్రకారం ముందు, వెనుక అద్దాలు కనీసం 70 శాతం, ప్రక్క అద్దాలు కనీసం 50 శాతం వెలుతురును రానివ్వాలి. అవిషేక్ గోయెంకా దాఖలు చేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్ 27న తీర్పు చెబుతూ, శాతం ఎంతైనా సరే, అద్దాలపై నల్లని పొరలు గాని మరే ఇతర పదార్థం గాని అంటించరాదని ఆదేశించింది. ఇది 2012 మే 4 నుండి అమలులోకి వచ్చింది. రంగు అద్దంలోనే ఉండవచ్చు, అంటించిన పొరగా ఉండరాదు అనేది దీని సారాంశం.

తరువాత నియమాన్ని 2020లో సవరించారు. 2021 ఏప్రిల్ 1 నుండి భద్రతా అద్దంతో పాటు, లోపలి వైపు ప్లాస్టిక్ పొర కలిగిన అద్దాన్ని కూడా భారతీయ ప్రమాణానికి లోబడి అనుమతించారు. దీని ఆధారంగా కేరళ హైకోర్టు 2024 సెప్టెంబరులో 70, 50 శాతాల హద్దుకు లోబడిన పొరలపై జరిమానా విధించరాదని, వాహన యజమాని కూడా అటువంటి పొరను అంటించుకోవచ్చునని తీర్పు ఇచ్చింది. ఈ తీర్పు ఆంధ్రప్రదేశ్ అధికారులను నేరుగా బంధించేది కాదు. కావున కృష్ణా జిల్లాలో పొర వేయించుకునేవారు ప్రమాణపు గుర్తు గల సరుకు, దాని బిల్లు, అంటించిన తరువాతి కొలత కాగితం భద్రపరచుకోవడం అవసరం. గుర్తులేని చవక పొరకు 2021 సవరణ రక్షణ ఇవ్వదు.

డెల్టా రోడ్లపై చూపు

పగటివేళ కన్ను సర్దుకుంటుంది కనుక 37 శాతం అద్దానికీ 75 శాతం అద్దానికీ తేడా పెద్దగా తెలియదు. చీకటిలో ఆ సర్దుబాటుకు అవకాశం తక్కువ. జాతీయ రహదారి 65పై దీపాలు, ఎదురు వాహనాల వెలుగు కొంత ఉంటాయి. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు వైపు కృష్ణానది కరకట్టపైన, గుడివాడ చుట్టుప్రక్కల కాలువ గట్లపైన అవి ఉండవు. అక్కడి మలుపులలో కారు దీపాలు నేరుగా ముందుకు పోతాయి. తిరగబోయే వైపును డ్రైవరు ప్రక్క అద్దంలో నుండే చూడాలి. దీపం లేని సైకిలు, గట్టు దిగుతున్న గేదెలు, కోతల కాలంలో రోడ్డు అంచున ఆరబోసిన ధాన్యం, దాని చుట్టూ పేర్చిన రాళ్ళు ఆ అద్దంలోనే కనిపించాలి. 75 శాతం అద్దంపై 50 శాతం పొర వేస్తే ఆ వైపు నుండి వచ్చే వెలుతురు సగానికి తగ్గుతుంది. వర్షంలో అద్దంపై నీరు జారుతుంటే మరింత తగ్గుతుంది. ఈ ప్రాంతంలో రాత్రి ప్రయాణం తప్పనివారు, ముఖ్యంగా చేపల, రొయ్యల చెరువుల వద్దకు వేకువన పోయేవారు, ముందు తలుపుల అద్దాలకు పొర వేయించక, వెనుక ప్రక్క అద్దాలకు మాత్రమే హద్దులోని లేత పొర వేయించుకొనుట ఉత్తమం. రెండు తలుపుల మధ్య రంగు తేడా కొద్దిగా కనిపిస్తుంది.